ఈ రోజు సరిచూసినది

నాకు నోరెక్కువ. మా అత్త రోజూ అనే మాటే, నేనూ కాదనను. అలాంటిదాన్ని ఆ మధ్యాహ్నం ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట పెగలక నిలబడిపోయాను. ఇప్పటికీ కొత్త నెంబరు నుంచి ఫోనొస్తే ఎత్తడానికి నాకు భయం.

ముందు మా ఆయన చేసే పనేమిటో చెప్పాలి, లేకపోతే మీకేమీ అర్థం కాదు. మా ఆయన వీరేష్ ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేవాడు. మిల్లు మూతపడ్డాక ఇంట్లో కూర్చుని, ఫోన్లో వీడియోలు చూసి చూసి ఒక వ్యాపారం నేర్చుకున్నాడు. వేరేవాళ్లు వదిలేసిన వెబ్‌సైటు పేర్లు కొనడం. వెబ్‌సైటు పెట్టుకున్నవాళ్లు దాని పేరుకు ఏటేటా డబ్బు కడుతూ ఉండాలి. మరిచిపోతేనో, మనిషే లేకుండా పోతేనో ఆ పేరు వేలానికొస్తుంది. కొత్త పేరుతో సైటు పెడితే గూగుల్ దాని మొహం చూడటానికే చాన్నాళ్లు పడుతుంది. పాత పేరుకైతే అప్పటికే పరపతి ఉంటుంది. ఎవరు వెతికినా మొదటి వరుసలో అదే కనిపిస్తుంది. ఆ వరుస పోకుండా పాత పేజీలను అక్షరం మార్చకుండా మళ్లీ నిలబెట్టాలి, కొన్ని నెలలు వాటిని ముట్టుకోకూడదు, ఆ తర్వాత మెల్లగా చుట్టూ ప్రకటనలు పెట్టుకోవాలి. ఇదీ కిటుకు.

"ఎవురో కట్టిన ఇంట్లో దూరి, వాళ్ల పేరుతోనే పలకల్ల. అంతే కదా?" అన్నాను మొదటిసారి విన్నప్పుడు.

"నీకు యాపారం తెలీదు, ఊరికే ఉండు మల్లీ," అన్నాడు.

ఊరికే ఉన్నాను. ఇల్లు గడవాలి కదా.

దసరా అయిన తర్వాత వీరేష్ చేతికి ఒక మంచి పేరు చిక్కింది. పాముకాటు సాయం డాట్ ఇన్. ఎమ్మిగనూరులో లక్ష్మీనారాయణ అనే రిటైరైన అయ్యవారు నడిపిన సైటు అది. ఆయన రోజూ పొద్దున్నే చుట్టుపక్కల ఆసుపత్రులకు ఫోన్లు చేసి, పాము విషానికి విరుగుడు సూదిమందు ఎక్కడ ఉందో కనుక్కుని తెలుగులో రాసి పెట్టేవాడట. పైన 'ఈ రోజు సరిచూసినది' అని తేదీ వేసేవాడు. పత్తి చేలల్లో పనిచేసే జనానికి ఈ నాలుగైదు మండలాల్లో ఆ సైటు బాగా తెలుసు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని "పాము కరిస్తే యాడికి పోవల్ల" అని అడిగితే చాలు, మొదట అదే వచ్చేది. ఆయన పోయాక చాన్నాళ్లు పట్టించుకునేవాళ్లు లేక ఆ పేరు వేలానికొచ్చింది.

వీరేష్ పాత పేజీని ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టాడు. అందులో పెద్దాయన చివరగా రాసింది ఇది: 'ఎమ్మిగనూరు పాత బస్టాండు వెనక డాక్టర్ విఠల్ నర్సింగ్ హోమ్‌లో మందు ఉంది. దారిలో ఎక్కడా ఆగకుండా నేరుగా ఇక్కడికే రండి.' మా ఆయన మార్చింది రెండే రెండు. పెద్దాయన నెంబరు పనిచేయడం లేదని, నన్ను మాట వరసకైనా అడక్కుండా నా నెంబరు పెట్టాడు. పైనున్న తేదీ ఏ రోజుకారోజు దానంతటదే మారేలా చేశాడు. తేదీ తాజాగా ఉంటే వరుస నిలబడుతుందట.

"సచ్చిపోయినాయన దినామూ లేసి సరిచూస్తాండాడు సూడు," అని నేను పకపకా నవ్వాను. వీరేష్ కూడా నవ్వాడు.

అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేసి "సారున్నాడా?" అనేవాళ్లు. లేడని పెట్టేసేదాన్ని. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు.

ఇక ఆ రోజు సంగతి. పత్తి తీతలు జోరుగా సాగుతున్న రోజులు. మార్కెట్ యార్డు పక్కనే మా మేడగది, కిటికీ తెరిస్తే దూది ఎగిరొచ్చి అన్నంలో పడుతుంది. కిటికీ మూసుకుని తిని, కంచం కడుగుతుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, సారున్నాడా? పాముల సారు?" మగగొంతు. వెనక ఆటో మోత.

"ల్యాడు. ఏం కావల్ల?"

"మాది దేవనకొండ అవతలమ్మా, నా పేరు దేవేంద్రప్ప. మా ఇంటామెకు పత్తి సేన్లో పురుగు ముట్టింది. ఆటోలో ఏసుకుని వస్తాండాం."

మా పల్లెల్లో కరిచినప్పుడు దాన్ని పామని నోటితో అనరు, పురుగంటారు. నా పుట్టిల్లు ఆలూరు పక్క, నాకు తెలుసు. నా చేతిలో కంచం జారి మోరీలో పడింది.

"మీ దాంట్లో సూసే వస్తాండామమ్మా. ఎమ్మిగనూరులో మందుందని ఈ దినం తేదీనే ఏసినారు కదా. దోవలో దేవనకొండ సర్కారు దవాఖానా వచ్చె. యాడా ఆగొద్దని మీరు రాసినారని ఆడ నిలపల్లేదు. ఆ నర్సింగ్ హోమ్ పాత బస్టాండుకు ముందర తట్టా, వెనక తట్టా?"

నేను పరుగున పోయి ల్యాప్‌టాప్ తెరిచి, మా పేజీ చూసి చదివాను. "వెనక తట్టన్నా. నేరుగా పోండి. మందుంది."

"నీకు పున్నెముంటాది తల్లీ. నా ఫోన్ల చార్జి అయిపోతాంది, పెడతాండా. సుంకులమ్మా, ఇన్నావా, మందుందంట, కండ్లు మూయొద్దు..."

ఫోన్ ఆగింది. సిగ్గు లేకుండా చెబుతున్నా, నాకు ఆ నిమిషం సంతోషం కలిగింది. ఇన్నాళ్లకు మా వ్యాపారం ఒక మనిషి ప్రాణానికి పనికొచ్చిందనుకున్నాను. చేతులు తుడుచుకునేలోపే ఆ సంతోషం పోయింది. మందుందని నేనెలా చెప్పాను? నాకెవరు చెప్పారు?

నర్సింగ్ హోమ్ నెంబరు పేజీలోనే ఉంది. చేశాను. ఆ నెంబరు వాడుకలో లేదంది. మళ్లీ చేశాను. మళ్లీ అదే. ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో మా పిన్నమ్మ పుష్ప ఉంది. ఆమెకు చేశాను.

"విఠల్ డాక్టరా? ఆయప్ప ఊరిడిసి బెంగళూరికి పోయి శానా కాలమాయ కదే. ఆ ఇంట్లో ఇప్పుడు సీరల గోదాము పెట్టినారు. ఎవురికే బాగల్యాంది?"

పిన్నమ్మ హలో హలో అంటూనే ఉంది.

"పిన్నమ్మా, నీ కాళ్లు మొక్కుతా. ఇప్పటికిప్పుడు ఆ గోదాము కాడికి పో. దేవనకొండ తట్టు నుంచి ఆటో వస్తాది, పురుగు ముట్టినామె ఉంటాది అండ్ల. అట్లే సర్కారు దవాఖానాకు తోలు వాళ్లను. నిలబడనియ్యొద్దు."

"నా మోకాళ్లతో యాడ..."

"మోకాళ్ల సంగతి మళ్ల మాట్లాడుకుంటాం, పో తల్లీ!"

దేవేంద్రప్పకు చేశాను. స్విచ్చాఫ్. చేస్తూనే ఉన్నాను. ఆ ఆడగొంతు ఒకటే పాట పాడుతోంది. అప్పుడే వీరేష్ మెట్లెక్కి వచ్చాడు, నోట్లో వక్కపొడి నములుతూ. నా మొహం చూసి నమలడం మానేశాడు. నేను చెబుతుంటే వాడి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మొగుణ్ని వాడు అంటున్నానేమిటనుకుంటారేమో, ఆ రోజు వాడనే అన్నాను, మొహం మీదే అన్నాను.

"ఆ పేజీ తీసెయ్. ఇప్పుడే తీసెయ్."

"ఆగు మల్లీ, ఒక్క మాటిను. ఉన్నపళంగా తీస్తే వరుస పోతాది. మార్చి రాస్తాం, నిదానంగా..."

"వరుసంటాడే! ఆడ మనిషి పోతాంటే వరుసంటాడే ఈ మనిషి!"

ల్యాప్‌టాప్ లాక్కుని నా చేత్తోనే పేజీ తీసేశాను. ఇంక దాన్ని చూసి ఎవరూ ఆ గోదాముకు పోరు, అంతవరకే నా బుర్రకు తోచింది. పిన్నమ్మ ఎలాగూ అక్కడ నిలబడుతుంది. మేమూ పోయి ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉందామని బండి తీశాం.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు రోడ్డు ఎంతకీ తరగలేదు. పత్తి ట్రాక్టర్లు రోడ్డు నిండా అడ్డం. వీరేష్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను వెనక కూర్చుని ఒక చేత్తో వాడి చొక్కా పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చెవికి అదుముకున్నా. ఎన్నడూ చూడని సుంకులమ్మ నా కళ్లముందు కనిపిస్తోంది. చేనులో వంగి పత్తి తీస్తూ, చెట్టు మొదట్లో పామున్నది చూసుకోకుండా చెయ్యి పెట్టి ఉంటుంది. మా అమ్మ కూడా అలాగే వంగి తీసేది. దేవుడా, ఆమెను బతికించు, మమ్మల్ని ఏమైనా చెయ్యి అని గట్టిగానే అన్నాను. వీరేష్ విని ఉంటాడు.

పిన్నమ్మ ఫోన్ చేసింది. "గోదాము ముందరే నిలబడినానే. ఆటో ఏదీ రాల్యా."

"వస్తాది, ఆడే ఉండు."

కొంతసేపటికి మళ్లీ చేసింది. "రాల్యాదే మల్లీ. ఇంతసేపు పట్టదే ఆ దోవన."

అవును, పట్టదు. ఈ పాటికి రెండుసార్లు రావచ్చు. ఆటో బోల్తా పడిందా? దారిలోనే ఆమె... ఆ మాట పూర్తిగా అనుకోవడానికి కూడా నాకు ధైర్యం లేకపోయింది.

ఎమ్మిగనూరు సర్కారు దవాఖానాలోకి చెప్పులు ఊడిపోతున్నా ఆగకుండా పరిగెత్తాను. గిరిజ అని ఒక సిస్టరు బల్ల దగ్గర ఉంది. పాము కాటు మనిషెవరైనా వచ్చారా అంటే ఎవరూ రాలేదంది.

"మందుందా మీ కాడ?"

"ఉందమ్మా."

"సూపించు."

ఆమెకు కోపమొచ్చింది. నా మొహం చూసి ఏమనుకుందో, లేచి ఫ్రిజ్ తలుపు తీసింది. చిన్న చిన్న సీసాలు అట్టపెట్టెలో వరసగా ఉన్నాయి. వాటిని కళ్లతో చూశాకే నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ మందున్న చోటికి మనిషి రాలేదు.

వీరేష్ గోడకానుకుని తన ఫోనులో ఏదో చూస్తున్నాడు. ఉన్నట్టుండి "మల్లీ" అన్నాడు. ఫోన్ నా వైపు తిప్పాడు. పాము కరిస్తే ఎక్కడికి పోవాలని అడిగి చూశాడు. మొదటి వరుసలో మా పేరే ఉంది. దాన్ని నొక్కితే ఏమీ లేదు, పేజీ దొరకలేదని వస్తోంది. దాని కింద రెండో వరుసలో ఒక వీడియో. తలపాగా కట్టిన ముసలాయన రోట్లో ఆకులు నూరుతున్నాడు. 'పాము విషానికి ఉరుకుందు తాత పసరు, గోనెగండ్ల దోవలో' అని రాసి కింద నెంబరు ఉంది.

"ఆటోవాడు దోవ సూసుకుందామని వాని ఫోన్ల మళ్ల తెరిసి ఉంటాడు," అన్నాడు వీరేష్. "మనది కనపడకపోతే..."

మిగతాది వాడు చెప్పనక్కర్లేకపోయింది. తీసింది నేనే కదా.

ఆ నెంబరుకు చేశాను. ముసలాయనే ఎత్తాడు.

"తాతా, నీ కాడికి దేవనకొండ తట్టు నుంచి ఎవురన్నా వచ్చినారా? సుంకులమ్మని?"

"వచ్చినారమ్మా. కూసోబెట్టినా. పసరు నూరతాండా. నువ్వెవురు?"

నేలమీదే కూర్చున్నాను. బతికే ఉంది. "తాతా, వాళ్లాయనకు ఫోనియ్యి. నీకు దండం పెడతా."

దేవేంద్రప్ప గొంతు వినిపించింది. ఇందాకటి గొంతు కాదు, బాగా కుంగిపోయింది. "ఏమ్మా, నువ్వేనా? ఇందాక మందుందంటివి. మా గణేష్, ఆటోవాడు, దోవ సూద్దామని మళ్ల తెరిస్తే మీదేమీ ల్యాకపాయ. మందు అయిపోయి మూసేసినారేమో అనుకుంటిమి. దాని కిందనే ఈ తాత ఉండె. ఇంగేం సేసేది?"

"అన్నా, ఆమెను బిరీన ఆటో ఎక్కించు. ఎమ్మిగనూరు సర్కారు దవాఖానాకు తీసకరా. నేనీడే ఉండా. మందుంది."

అతను మెల్లగా అన్నాడు. "ఒకపారి నర్సింగ్ హోమంటావు. ఒకపారి అంతా తుడిపేస్తావు. ఇప్పుడు సర్కారు దవాఖానా అంటావు. నిన్నెట్ల నమ్మేది తల్లీ? ఇంగోపారి తిరిగే శక్తి ఈమెకు ల్యాదు."

ఏదో ఒక అబద్ధం చెప్పి రప్పించొచ్చు. సారు పంపించాడనో, పెద్ద డాక్టరు చెప్పాడనో. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నోరు తెరిస్తే నిజమే బయటికొచ్చింది.

"అన్నా, ఇను. నేను సారు మనిషిని కాదు. సారు సచ్చిపోయినాడు. ఆయన పెట్టుకున్న పేరును మేము వేలంలో కొన్నాం. అండ్ల రాసిందంతా ఎప్పటిదో. తేదీ అబద్ధం, దినామూ దానంతటదే మారేటట్టు మావాడు పెట్టినాడు. ఆ నర్సింగ్ హోమ్ ఎప్పుడో మూతపడింది. నేను సూడకుండానే మందుందని నీకు సెప్పినా. బయపడి ఆ పేజీ తుడిపేసింది కూడా నేనే. ఇప్పుడు సెప్పేది మాత్రం నా కండ్లతో సూసి సెప్తాండా. మందు నా ముందరే ఉంది."

గిరిజ సిస్టరు వింటూనే ఉంది. నన్నొకసారి చూసింది, ఆ చూపు నేను బతికున్నంతకాలం మరిచిపోను. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని స్పీకర్లో పెట్టింది.

"అయ్యా, నేను దవాఖానా సిస్టర్ని. ఆమె కనురెప్పలు వాలుతున్నాయా?"

"వాలుతాండాయమ్మా. కండ్లు తెరిసేకి కావడం ల్యాదంటాంది. మాట ముద్దముద్దగా వస్తాంది."

"అయితే ఒక్క క్షణం ఆగొద్దు. నోట్లో ఏమీ పోయొద్దు, గొంతు దిగదు. మీకు ఎదురుగా అంబులెన్సు పంపిస్తున్నాను. బయల్దేరండి."

వెనక ముసలాయన గొంతు వినిపించింది. "నా కాడ కూసున్న మనిషిని పసరు తాపినాంక లేపకూడదప్పా. మా గురువు పెట్టిన కట్టు." అవతల రోట్లో నూరుతున్న చప్పుడు ఆగింది. మళ్లీ ముసలాయనే అన్నాడు. "యాపాకు నమిలిస్తే సేదు తెలీదనె ఈ బిడ్డ, ఇసం బాగా ఎక్కినట్టే. నాకూ బయంగానే ఉంది. ఇంకా తాపల్యా కదా, కట్టు పడల్యా. తాపకముందే తీసకపోండి. లెయ్యి, లెయ్యి గణేషా, బండి తిప్పు."

వాళ్లు వచ్చేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. పిన్నమ్మ కూడా కుంటుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. నా చెయ్యి పట్టుకుంది. అంబులెన్సు వచ్చి ఆగితే ముందుగా నాకు కనిపించింది సుంకులమ్మ నడుముకు కట్టిన పత్తి ఒడి. ఎవరికీ విప్పే తీరిక దొరకలేదు. అందులో పొద్దున తీసిన పత్తి అలాగే ఉంది. రెప్పలు మూతపడి, నోటి చివర చొంగ కారుతోంది. నేననుకున్నదానికంటే చాలా చిన్నది, నా వయసు కూడా ఉండదు.

లోపల మందు ఎక్కిస్తున్నారు. డ్యూటీ డాక్టరు ఎప్పుడు కరిచిందో అడిగాడు. దేవేంద్రప్ప చెప్పాడు. డాక్టరు తలెత్తాడు.

"మరి ఇంతసేపు ఎక్కడ తిరిగారయ్యా? ఇంకొంచెం ఆలస్యమైతే ఊపిరే ఆగిపోయేది. దగ్గర్లో ఆసుపత్రే లేదా మీకు?"

తలుపు దగ్గరే నేను, నా వెనక వీరేష్. దేవేంద్రప్ప మా వైపు చూశాడు. ఆ గొంతు నాది అని ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాడు. ఇప్పుడు చెబుతాడు, చెప్పాలి, చెప్పి నా చెంప పగలగొట్టినా పడతాననుకుని అలాగే నిలబడ్డాను.

"దోవ తప్పినాం సార్," అన్నాడు.

వీరేష్ బయటికి పోయి అరుగు మీద కూలబడ్డాడు. నేనూ వచ్చి పక్కన కూర్చున్నాను. లోపల యంత్రం కూత వినిపిస్తోంది. అది ఆగుతుందేమోనని ఒక భయం, ఆగకపోతే అదెందుకు అలా కూస్తోందని ఇంకో భయం. పిన్నమ్మ టీ తెచ్చిస్తే చేతిలోనే చల్లారిపోయింది.

"రెండో వరుసలో ఆ తాత ఉన్నంతసేపూ మనది ఖాళీగా ఉండకూడదు," అన్నాడు వీరేష్ ఎప్పటికో. "ఏం రాద్దాం మల్లీ?"

"తేదీ దానంతటదే మారేది పీకెయ్ మొదట."

పీకేశాడు. లోపల ఫ్రిజ్‌లో నేను చూసిన సీసాల సంగతి, ఈ ఆసుపత్రి పేరు, అంతే రాయించాను. పెద్దాయన రాసిందంతా తీసేయించాను. వరుస పోతే పోనీ అని ఈసారి వాడే అన్నాడు.

పొద్దు వాలాక గిరిజ సిస్టరు తలుపు తీసి రమ్మని చెయ్యూపింది. మొహంలో ఏమీ తెలియడం లేదు. పిన్నమ్మే నన్ను వీపు మీద చెయ్యేసి లోపలికి తోసింది. సుంకులమ్మ కళ్లు సగం తెరిచి ఉన్నాయి. దేవేంద్రప్ప మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు, భార్య నడుముకున్న ఒడి విప్పి ఒళ్లో పెట్టుకుని.

ఆమె నన్ను చూసింది. పలకడానికి కష్టపడుతూ "ఈయమ్మ ఎవురు?" అంది.

అతను నా వైపు చూడలేదు. "ఎమ్మిగనూరికి దోవ సెప్పినామె," అన్నాడు.

ఆ పిచ్చితల్లి నాకు దండం పెట్టబోయింది. ఒక చేతికి సూదులున్నాయి, అది లేవలేదు. రెండో చెయ్యి ఒక్కటే ఎత్తి నుదుటికి ఆనించుకుంది. నేను ఆ చేతిని పట్టుకుని, "వద్దు, వద్దమ్మా, నాకు పెట్టొద్దు" అంటూనే ఉన్నాను.